సలగెద్దు వెంట ఒక కనుమ

కనుమ నాడు కాకి కూడా కదలదని ఆంధ్రాలో సామెత. మా వైపు అది పూర్తిగా తలకిందులు. ఉడుమలపేట చుట్టుపక్కల మనవాళ్ళ ఊళ్ళలో కనుమ నాడు కదలనివాడంటూ ఉండడు. మనుషులే కాదు, ఆవులూ ఎద్దులూ దూడలూ అన్నీ బయలుదేరతాయి. తమిళంలో మాట్టుప్పొంగల్ అంటారు, మా యింట్లో మాత్రం పశువుల పండగ అనే అనేవాళ్ళం.

మొన్నటి కనుమకి మేం మూడు తరాలవాళ్ళం ఒక కారులో కోయంబత్తూరు నుంచి బయలుదేరాం. మా నాయన, నేను, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి. నాయనకి డెబ్బయి ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో పదకొండేళ్ళుగా ఆయన ఈ పండగకి పోలేదు. ఈసారి తనే అడిగాడు. "ఒక్కసారి సలగెద్దుని చూసొస్తాం పదరా. వచ్చే ఏటికి ఎద్దు ఉంటాదో ఉండదో, నేను ఉంటానో ఉండనో" అన్నాడు. ఆ మాట తరవాత ఇంక నేను ఆలోచించలేదు.

ఈ వ్యాసం ఆ ఒక్క రోజు గురించి. అయితే ఆ రోజు వెనక ఐదు వందల ఏళ్ళ కథ ఉంది కాబట్టి, అది కూడా కొంచెం చెప్పుకోవాలి. బెంగళూరులోనో షోలాపూరులోనో బరంపురంలోనో ఉండి ఇది చదివేవాళ్ళకి మా సలగెద్దు తెలిసి ఉండదు. మీ ఇళ్ళలోనూ ఇట్లాంటిదేదో ఒకటి ఉండే ఉంటుంది.

సలగెద్దు అంటే ఏమి

తమిళంలో సలగెరుదు అంటారు. పశువుల పండగ నాడు పుట్టిన కోడెదూడని దేవుడికి విడవడం మా వైపు పాత మొక్కు. అట్లా విడిచిన దూడకి కాడి కట్టరు, బండికి కట్టరు. అమ్మకూడదు, కొట్టకూడదు. ఊరంతా దానికి మేత పెడతారు. ఏ చేలో పడి మేసినా ఎవరూ నోరెత్తరు. అది పెరిగి కోడె అయ్యాక దానికి ఆట నేర్పిస్తారు.

ఆట నేర్పేది మార్గళి నెలలో, మనం ధనుర్మాసం అంటామే ఆ నెల. రాత్రి కూడు తిన్నాక, మంచు పడతా ఉంటే, ఊరి నడిబొడ్డున ఉరుమి మోగుతుంది. ఉరుమి అంటే రెండు వైపులా తోలు ఉన్న మేళం, ఒక పక్క వంపుపుల్లతో రాస్తారు, ఇంకో పక్క కొడతారు. రాసినప్పుడు వచ్చే ఆ మూలుగు లాంటి శబ్దం ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు. ఆ శబ్దానికి మగపిల్లలు కాళ్ళకి గజ్జెలు కట్టుకుని వరసగా ఆడతారు. ఒకడు మాత్రం చేతిలో రెండు పొడుగాటి వెదురుకర్రలు పట్టుకుని ఎద్దు ఎదుట నిలబడతాడు. కర్రలు ఎద్దుని కొట్టడానికి కాదు. ఎద్దుకీ తనకీ మధ్య దూరం నిలుపుకోడానికి. మేళం వేగం పెరిగే కొద్దీ ఎద్దు ముందుకు దూకుతుంది. వాడు వెనక్కి అడుగులు వేస్తూ, తాళం తప్పకుండా దాన్ని తనతో తీసుకుపోతాడు. ఎద్దు మెడలో మువ్వలు, వాడి కాళ్ళకి గజ్జెలు, ఉరుమి మూడూ ఒకటే తాళంలో పడాలి. పడితే ఆట. పడకపోతే కొమ్ము.

నెలంతా ఇట్లా తయారు చేసిన ఎద్దుని పొంగల్ పండగల్లో ఆల్కొండమాల్ గుడికి తోలుకుపోతారు. ఆ గుడి ఉడుమలపేట తాలూకా సోమవారపట్టిలో ఉంది. చుట్టుపక్కల పాడిపశువులు ఉన్న ప్రతి ఇంటికీ ఆయనే దేవుడు. ఆలం అంటే హాలాహలం, మాల్ అంటే తిరుమాల్, శివుడూ విష్ణువూ కలిసిన సామి అని అక్కడివాళ్ళు చెబుతారు. మందలోని ఆవు ఒకటి రోజూ పోయి ఒకచోట పుట్ట మీద పాలు వదిలేదని, అక్కడే సామి వెలిశాడని కథ. ఈ కథ మన తెలుగు దేశంలో ఎన్ని గుళ్ళకి ఉందో మీకు తెలుసు.

మనవాళ్ళు అక్కడికి ఎట్లా చేరినారు

దారిలో మా అమ్మాయి అడిగింది, "తాతా, మనం ఇక్కడికి ఎప్పుడొచ్చాం?" అని. నాయన తేదీ చెప్పలేదు. పొంగ చెట్టు కథ చెప్పాడు. పొంగ చెట్టంటే కానుగ. ఉత్తరాన ఒక తురక రాజు మన పిల్లని అడిగాడని, ఇవ్వలేక రాత్రికి రాత్రి మందలు తోలుకుని దక్షిణానికి బయలుదేరామని, ఏరు అడ్డమొస్తే ఒడ్డున ఉన్న పొంగ చెట్లు వంగి వంతెన వేశాయని. అందుకే పెళ్ళిలో పొంగ కొమ్మలతో పందిరి వేస్తామని.

ఇదే కథని 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద వేసిన సంపుటాల్లో రాసుకున్నాడు. తెలుగు మాతృభాషగా ఉండి తమిళంలో రాసి పేరు తెచ్చుకున్న కి. రాజనారాయణన్ కూడా కోవిల్‌పట్టి కరిసల్ నేల మీది వలస కుటుంబాల కథని "గోపల్ల గ్రామం" నవలగా రాశారు. దానికి కొనసాగింపుగా వచ్చిన "గోపల్లపురత్తు మక్కళ్"కి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. చెట్లు వంగడం నిజమా అని నేను అడగను. పారిపోయి వచ్చినవాళ్ళు, మందలతో వచ్చినవాళ్ళు, దారిలో ఏదో ఒక దయ దొరికినవాళ్ళు అన్నంత వరకు ఆ కథ మావాళ్ళ గురించి చెబుతుంది.

పుస్తకాల్లో దొరికే చరిత్ర ఇంకోరకంగా నడుస్తుంది. విజయనగర రాయల సైన్యాల వెంట తెలుగువాళ్ళు దక్షిణానికి దిగారు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురలో నాయక రాజ్యం నిలిపాడు. ఆయనా, దళవాయి అరియనాథ ముదలియారూ కలిసి దేశాన్ని 72 పాళెములుగా పంచారని చెబుతారు. ఒక్కో పాళెగాడు ఇంత కప్పం కట్టాలి, యుద్ధానికి ఇంతమందిని పంపాలి. ఆ పాళెములలో చాలా వాటికి కంబళత్తు నాయకులే పాళెగాళ్ళు. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్నని 1799లో కయత్తారులో ఇంగ్లీషువాళ్ళు ఉరి తీశారు. మా వైపు విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు 1800లో కోయంబత్తూరు కోట మీద దాడికి కట్టిన కూటమిలో ముఖ్యుడు. ఆయన్ని 1801లో ఉరి తీశారు. తిరుగుబాట్లు అణిగిపోయాక పాళెములు పోయాయి, కొన్ని జమీందారీలుగా మిగిలాయి. కత్తులు పోయాక కంబళత్తువాళ్ళకి మిగిలింది మెట్టభూమి, మందలు.

కంబళం అన్న మాట గురించి కూడా చెప్పాలి. కుల పంచాయితీ కూర్చున్నప్పుడు కంబళి పరిచి, దాని మీద నీళ్ళ కలశం పెట్టి, వేపాకు వేసి, ఆ ఎదుట మాట్లాడేవాళ్ళు. కలశం ముందు అబద్ధం ఆడకూడదు. అట్లా తొమ్మిది కంబళాలు ఉండేవని లెక్క. కన్నడ కరావళిలో దున్నపోతుల పందేన్ని కూడా కంబళ అంటారు గానీ, ఆ మాట వేరు, ఈ మాట వేరు. అయితే ఆ కంబళకీ మా ఎద్దుకీ ఒక చోట చుట్టరికం కుదిరింది. అది కోర్టులో. కొంచెం ఆగి చెబుతాను.

సంత

ఉడుమలపేట దాటి పెదప్పంపట్టి దారి పట్టాక కారు నడవడం మానేసి పాకడం మొదలుపెట్టింది. ఆ ఊరి పేరులో "పెదప్ప" వినబడుతుందని నాయన ప్రతిసారీ నవ్వుతాడు, ఈసారీ నవ్వాడు. రోడ్డుకి రెండు పక్కలా పాల బిందెలు, క్యాన్లు పట్టుకుని నడిచేవాళ్ళు. పండగ నాటి పాలు ఇంట్లో కాచుకోరు, అమ్ముకోరు, సామికి తెస్తారు. గర్భగుడి ముందు ఆ పాలు పోసేది చూస్తే, ఒక్క పూటలో ఇన్ని పాలు ఎక్కడివా అనిపిస్తుంది.

గుడి దగ్గర ఇంకొక మొక్కు ఉంది. మట్టి ఆవులు, మట్టి దూడలు అమ్ముతారు. ఉరువారం అంటారు వాటిని. పశువుకి జబ్బు చేసినప్పుడు, ఈనడం కష్టమైనప్పుడు మొక్కుకుని, బాగయ్యాక ఒక బొమ్మ కొని సామి ముందు పెడతారు. మా అమ్మాయి రెండు చేతుల్లో ఒక ఆవుబొమ్మ పట్టుకుని, "మనకి ఆవు లేదు కదా, ఎవరి కోసం పెట్టాలి?" అంది. నాయన కాసేపు ఆలోచించి, "పెట్టు. ముందర ఉన్న వాటి కోసం పెట్టు" అన్నాడు.

గుడి చుట్టూ సంత. రంగులరాట్నం, బజ్జీల బండ్లు, చెరుకుగడల కట్టలు, బొరుగుల రాశులు, పిల్లలకి ప్లాస్టిక్ కళ్ళజోళ్ళు. ఇవన్నీ ఏ తిరునాళ్ళలోనైనా ఉంటాయి. ఇక్కడ ప్రత్యేకం పశువుల సామాను. ముక్కుతాళ్ళు, పలుపులు, పగ్గాలు, మెడకి కట్టే గంటలు, తోలు మీద కుట్టిన మువ్వల పట్టెడలు, కొమ్ములకి ఇత్తడి కుప్పెలు, కొమ్ములకి పూసే రంగుడబ్బాలు. తాళ్ళన్నీ ఇప్పుడు నైలానే. ఒకే ఒక్క ముసలాయన దగ్గర నారతాళ్ళు ఉన్నాయి. నాయన ఒక ముక్కుతాడు కొన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

అక్కడే ఆయన మా అమ్మాయికి పశువుల రంగులు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ చుట్టుపక్కల అంతా కంగాయం జాతి. ఆ దూడ పుట్టినప్పుడు ఎర్రగా ఉంటుంది. ఆరు నెలలు వచ్చేసరికి ఆ ఎరుపు పోయి బూడిదరంగు తిరుగుతుంది. కోడె ముదిరే కొద్దీ మూపురం మీద, మెడ మీద నలుపు కమ్ముతుంది. తమిళంలో ఆ బూడిదరంగుని మయిలై అంటారు. నాయన "మైల" అన్నాడు. నల్లదాన్ని వాళ్ళు కారి అంటే, ఆయన "కర్రి" అన్నాడు. రెండు భాషల మాటలూ ఒకే కొట్టంలో పక్కపక్కనే కట్టేసిన ఆవుల్లాగా ఉన్నాయి. రాయలసీమలో ఇప్పటికీ మైల కోడె, కర్రావు అనే అంటారని ఆయనకి తెలియదు. నేను చెబితే చిన్నపిల్లాడిలాగా సంతోషపడ్డాడు.

ఈ జాతి గురించి రెండు మాటలు. కంగాయం పేరు నిలబడింది పాళయకోట్టై పట్టగారి కుటుంబం తరాల తరబడి చేసిన ఎంపిక వల్ల. 1936లో లిటిల్‌వుడ్ అనే పశువుల నిపుణుడు దక్షిణ భారత పశుసంపద మీద రాసిన పుస్తకంలో ఆ మందల గురించి రాశాడు. ఈ పశువులు మేసే బీళ్ళని కొరంగాడు అంటారు. ముళ్ళ కిళువ చెట్లతో బతుకుకంచె వేసి, లోపల గడ్డి, అక్కడక్కడ తుమ్మచెట్లు. వాన తక్కువ నేలలో పశువుని బతికించే పద్ధతి అది. మెట్టని నమ్ముకున్న మావాళ్ళకీ ఆ పద్ధతే అబ్బింది.

ఎద్దుని పట్టే ఆట ఎంత పాతది

సంతలో చెరుకు నములుతూ మా అమ్మాయి అసలు ప్రశ్న వేసింది. కారులో ఉన్నప్పటి నుంచే అది ఆమె నోట్లో ఉంది. "ఇది జల్లికట్టు లాంటిదే కదా? ఎద్దుకి ఇది హింస కాదా?" నేను వెంటనే "కాదు" అనబోయి ఆగాను. ఎందుకంటే ఆ ప్రశ్న దేశంలోని అతిపెద్ద కోర్టు రెండుసార్లు కూర్చుని విన్న ప్రశ్న.

ముందు పాతదనం. మొహెంజొదారోలో దొరికిన ఒక ముద్ర మీద ఎద్దు మీదినుంచి ఎగిరిపడే మనుషులు ఉన్నారు. నీలగిరుల్లో కరిక్కియూరు బండల మీద ఎద్దుల్ని తరిమే బొమ్మలు ఉన్నాయి. సంగం సాహిత్యంలో కలిత్తొగై అనే గ్రంథం ముల్లైక్కలి భాగంలో గొల్లపిల్లలు ఎద్దుని కౌగిలించి లొంగదీయడం వర్ణించి ఉంది. అక్కడ బహుమతి పెళ్ళికూతురే. అదే కథ మనకి భాగవతంలో ఉంది. నగ్నజిత్తు కూతురు నాగ్నజితిని చేసుకోడానికి కృష్ణుడు ఏడు ఎద్దుల్ని కట్టేశాడు. తమిళులు ఆ పిల్లని నప్పిన్నై అంటారు. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తిరుప్పావైలో నప్పిన్నైని నిద్ర లేపుతుంది. ఆ ఆండాళ్ కథని మన రాయలు ఆముక్తమాల్యదగా తెలుగులో రాశాడు. అంటే ఈ ఎద్దు ఆట మావాళ్ళు వచ్చేనాటికే ఈ నేల మీద ఉంది. మావాళ్ళు తెచ్చింది కాదు. మందలతో వచ్చినవాళ్ళు కాబట్టి దానిలో తమ వంతు కలిపారు. ఉరుమి తాళాన్ని, కర్రలతో ఆడే అడుగుని కలిపారు.

జల్లికట్టు అసలు పేరు సల్లికట్టు. సల్లి అంటే నాణేలు, కొమ్ములకి కట్టిన నాణేల మూటని విప్పుకున్నవాడిది గెలుపు. మదుర చుట్టుపక్కల అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు దానికి పేరుపడ్డ ఊళ్ళు. వాడివాసల్ అనే ఇరుకు గుమ్మం లోంచి ఎద్దు ఒక్కసారిగా బయటికి వస్తుంది, పట్టేవాడు మూపురం మాత్రమే పట్టాలి. ఉత్తర తమిళనాడులో, మన హోసూరు కృష్ణగిరి వైపు, ఎరుదు విడుం విళా అని ఎద్దుల్ని వీధిలో పరుగెత్తిస్తారు. చిత్తూరు వైపు చంద్రగిరి దగ్గర రంగంపేట లాంటి ఊళ్ళలో కనుమకి పశువుల పండగ అని చేస్తారు. ఎద్దుల కొమ్ములకి పలకలు కట్టి వదులుతారు, కుర్రాళ్ళు ఆ పలకలు లాక్కుంటారు. గీత గీసి ఇటు తమిళం అటు తెలుగు అన్నారు గానీ ఎద్దుకి ఆ గీత తెలియదు.

ఇక కోర్టు. 2011లో కేంద్రం ప్రదర్శనలకి వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దుని చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుని, ఎద్దుబండ్ల పందేలని నిషేధించింది. తోకలు మెలిపెట్టడం, కళ్ళలో కారం కొట్టడం, సారా పట్టించడం లాంటివి పశుసంక్షేమ బోర్డు కోర్టు ముందు పెట్టింది. అవి అబద్ధాలని నేను అనలేను. కొన్ని నేనే విన్నాను. 2017 జనవరిలో చెన్నై మెరీనా ఒడ్డున లక్షలమంది, ఎక్కువమంది కుర్రకారు, రోజుల తరబడి కూర్చున్నారు. జనవరి 21న రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది, రెండు రోజులకి శాసనసభ చట్టం చేసింది. 2023 మే 18న ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. అదే తీర్పులో కర్ణాటక కంబళ, మహారాష్ట్ర ఎద్దుబండ్ల పందెం కూడా నిలిచాయి. నేను ఇందాక చెప్పిన చుట్టరికం ఇదే. ఇది చదివే బెంగళూరు, పుణే చుట్టాలకి కూడా ఆ తీర్పులో వాటా ఉంది.

మా అమ్మాయికి ఇదంతా చెప్పి, "సలగెద్దుకి వాడివాసల్ లేదు, మీద పడి పట్టేది లేదు, బహుమతి బైకు లేదు" అన్నాను. "మరి ఎద్దుకి ఇష్టమా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నాయన విని, "అది నువ్వే చూసి చెప్పు" అన్నాడు.

ఆట

పొద్దు వాలాక మా ఊరి ఎద్దు వచ్చింది. నా చిన్నప్పుడు మా ఒక్క ఊరి నుంచే మూడు ఎద్దులు వచ్చేవి. ఇప్పుడు ఒక్కటే. నడిచి రాలేదు, చిన్న లారీలో వచ్చింది. కొమ్ములకి పసుపు, మెడలో మువ్వలు, వెన్ను మీద కొత్త పంచె. దిగగానే కొంచెం బెదిరింది. జనం, లౌడ్‌స్పీకరు, సెల్‌ఫోన్ లైట్లు. కళ్ళ తెల్లగుడ్లు కనబడ్డాయి. మా అమ్మాయి నా మొహంలోకి చూసింది.

లైట్లు ఆపండని పెద్దాయన ఒకాయన అరిచాడు. ఎవరూ వినలేదు. అప్పుడు ఉరుమి మొదలైంది.

కర్రలు పట్టినవాడు ఇరవై ఏళ్ళ కుర్రాడు. నాకు వరసకి అన్న మనవడు. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు, మార్గళిలో రాత్రిళ్ళు బస్సెక్కి వచ్చి ఆట నేర్చుకున్నాడు. మాతో మాట్లాడితే మొత్తం తమిళమే. "పెరియప్పా, సౌక్యమా?" అన్నాడు నాతో. తెలుగులో అడిగితే అర్థమవుతుంది, జవాబు తమిళంలో వస్తుంది. అట్లాంటి వాడు ఎద్దు ఎదుట నిలబడి గొంతు తగ్గించి, "రా నాయనా, రా సామీ, మెల్లగా, మెల్లగా... దా, దా" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళందరూ అంతే. వాళ్ళలో వాళ్ళు తమిళం, ఎద్దుతో తెలుగు. ఆ ఎద్దుని పెంచిన అవ్వ దానితో పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడింది కాబట్టి దానికి ఇంకో భాష రాదు. వాళ్ళు దాని కోసం నేర్చుకున్నారు.

ఎద్దు చెవులు తిరిగాయి. తల దించింది. ఒక అడుగు వేసింది. కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఉరుమి రాపిడి పెరిగింది. ఇంకో ఐదు నిమిషాల్లో ఎద్దు, మనిషి, మేళం ఒకటే దరువు. ఎద్దు కాళ్ళు నాలుగూ నేల మీంచి లేచి పడుతున్నాయి, మువ్వలు ఒక్కటి కూడా తప్పు పలకడం లేదు. ఒకసారి కొమ్ము వాడి నడుము పక్కనుంచి జానెడు దూరంలో పోయింది. వాడు కర్ర అడ్డం పెట్టలేదు, పక్కకి ఒరిగి మళ్ళీ తాళంలో పడ్డాడు. నాయన మోకాళ్ళ సంగతి మరిచిపోయి బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు.

ఆట అయ్యాక ఎద్దు ఆ అవ్వ దగ్గరికి తనే నడిచి పోయింది. ఆమె దాని గంగడోలు నిమిరింది. మా అమ్మాయి చాలాసేపు చూసి, "లైట్లు ఇష్టం లేదు. ఆట ఇష్టం" అంది. ఆ జవాబు నాకు కోర్టు తీర్పుల కంటే దగ్గరగా అనిపించింది. జరిపేవాళ్ళు వినాల్సిన మాట కూడా అదే.

మిగిలిందేమి

ఎద్దులు ఎందుకు తగ్గాయో చెప్పుకోవాలి. నిషేధం వల్ల మాత్రమే కాదు. 1960లలో పరంబికుళం ఆళియారు పథకం నీళ్ళు వచ్చాక మా మెట్టంతా మారింది. జొన్న, పత్తి, బీళ్ళు పోయి కొబ్బరితోటలు లేచాయి. నీళ్ళు వచ్చినందుకు ఎవరూ ఏడవలేదు, మా తాత కూడా ఏడవలేదు. కానీ కొబ్బరితోటలో మందకి చోటు లేదు. ట్రాక్టరు వచ్చింది, కాడెద్దు పోయింది. పాలడిపోలు వచ్చాయి, కంగాయం ఆవు ఇచ్చే కాసిని పాలు చాలక జెర్సీ ఆవులు వచ్చాయి. మిగిలిన బీళ్ళలో గాలిమరలు లేచాయి. దేనికదే న్యాయమైన కారణమే. అన్నీ కలిస్తే కొట్టం ఖాళీ.

భాష కూడా అట్లాగే పోయింది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు సుమారు 42 లక్షలు. రాయించుకోనివాళ్ళు ఇంకెందరో. మా ఊళ్ళో తెలుగు ఎప్పుడూ బడిలో లేదు, నోట్లోనే ఉండింది. బళ్ళలో తెలుగు ఉన్న హోసూరు లాంటి చోట్ల 2006లో తెచ్చిన తమిళం తప్పనిసరి చట్టం పెద్ద గొడవ అయింది. మాకు గొడవపడడానికి కూడా ఏమీ లేకపోయింది. నేను తెలుగు రాయడం ముప్పయ్యేళ్ళు దాటాక పెద్దబాలశిక్ష కొనుక్కుని నేర్చుకున్నాను. నాయనకి ఇప్పటికీ చదవడం రాదు. ఈ వ్యాసం ఆయనకి నేనే చదివి వినిపించాలి.

ఆ రాత్రి తిరిగి వచ్చేముందు ఆ అవ్వ దగ్గర కూర్చున్నాను. ఎద్దుని సామికి విడిచేటప్పుడు పాడే పాట ఆమెకి వచ్చు. ఆమె తరవాత ఊళ్ళో ఇంకెవరికీ రాదు. ఫోన్‌లో రికార్డు చేస్తానంటే, "దానికేముండాది, పాడతా. కానీ ఎద్దు పక్కన లేకపోతే నాకు మాట తోచదు" అంది. పోయి ఎద్దు పక్కన నిలబడి పాడింది. ఇరవై రెండు నిమిషాలు. అందులో సగం మాటలు నాకు తెలియవు. నాయనకి ఇంకొన్ని తెలుసు. మిగిలినవి ఒక్కొక్కటీ అడిగి రాసుకుంటున్నాను. నెలన్నర అయింది, ఏడు నిమిషాల వరకు వచ్చాను. ప్రతి ఆదివారం ఆమెకి ఫోన్ చేస్తాను. పక్కన కూర్చుని రాసేది మా అమ్మాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తోంది, తరవాత నేను తెలుగులోకి మారుస్తున్నాను. మొన్న మాత్రం "మైల" అన్న మాట తనే తెలుగులో రాసింది. మ మీద ఐత్వం కొంచెం వంకరగా వచ్చింది.

మీ ఇళ్ళలో ఎద్దు ఉండకపోవచ్చు. పశువుల పేర్లు, రంగులు, తాళ్ళ పేర్లు, దూడని పిలిచే పిలుపు చెప్పగలిగిన ముసలివాళ్ళు మాత్రం ఉంటారు. ఈ ఆదివారం ఒక్కసారి వాళ్ళని అడగండి. ఏ ఊళ్ళో ఏ మాటో మాకు రాసి పంపండి, ఇక్కడ చేరుస్తాం. కలిపి చూస్తే ఎవరి మాట ఎవరి దగ్గర బతికి ఉందో తెలుస్తుంది.

నాయన కొన్న ముక్కుతాడు ఇప్పుడు మా హాల్లో మేకుకి వేలాడుతోంది. వచ్చే కనుమకి దాన్ని మా ఊరి ఎద్దుకి కట్టాలట. అప్పటి దాకా మోకాళ్ళకి నూనె రాయించుకుంటున్నాడు.